పొదిగే కోడి ఒంటి వేడి

ముట్టుకోను. పదకొండు అయ్యేదాకా ముట్టుకోను, అయ్యాక కూడా ముట్టుకుంటానో లేదో తెలియదు, చెయ్యి చాపానంటే నమ్మినట్టే కదా, ఇన్నేళ్ళూ నమ్మనిదాన్ని ఇప్పుడు ఈ వంటగది నేల మీద చతికిలబడి, మోకాళ్ళు పట్టేసి, గుడ్లు పొదిగే మిషను ముందు కూర్చుని నమ్మడం మొదలుపెడితే ఎంత నవ్వులపాటు. పది దాటి ఏడు నిమిషాలు. ఇంకా యాభై మూడు నిమిషాలుంది. పదకొండింటికి ప్రమాదకరమైన రసాయనాలు పట్టుకెళ్ళే ఆఫీసు నుంచి ఒకాయన వస్తాడు, ఈ పెట్టె తలుపు తీస్తాడు, లోపలున్న గాజు బుడ్డిని ఆ మెత్తిన మట్టితో సహా ఒక డ్రమ్ములో దించి మూత బిగించి వ్యానెక్కించేస్తాడు. పిలిచింది నేనే. వంటింట్లో పాదరసం ఉందని తెలిసిన ఏ బుద్ధిమంతురాలైనా చేసే పనే చేశాను. వాళ్ళకు ఖాళీ ఉన్న రోజేదో చెప్పారు, సరేనన్నాను, ఫోన్ పెట్టేసి గోడ మీద రోజుకో గీత గీసిన కాగితం చూసి లెక్కేస్తే వాళ్ళు చెప్పింది నలభయ్యో రోజు. నా స్నేహితురాలు కొలిమి ఈ బుడ్డి మూతి మూసిన రోజు నుంచి సరిగ్గా నలభై, గంట కూడా అదే గంట. వేరే రోజు అడుగుదామని రెండుసార్లు ఫోన్ చేతిలోకి తీసుకున్నాను. ఏమని అడగను? మందుల కొట్టువాడి భార్య ఒకావిడ మూడు వందల ఏళ్ళ కిందట ఇలా రాసిపెట్టిందండీ, మీరు కాస్త ఆలస్యంగా రండి అనా? ఫోన్ పెట్టేశాను రెండుసార్లూ.

పెట్టెలో ఎర్రగా చిన్న బల్బు. అద్దం తలుపు మీద పసుపు రంగు కోడిపిల్ల బొమ్మ, కళ్ళు పెద్దవి చేసుకుని నన్నే చూస్తోంది. గుడ్లు పెట్టుకునే ట్రే తీసేసి అక్కడ ఇసుక పోసిన గిన్నె పెట్టింది కొలిమి. ఇసుకలో సగం పూడి బుడ్డి, నా రెండు పిడికిళ్ళంత ఉంటుంది, మెడ సన్నగా సాగదీసి కొస కరిగించి మూసినది, ఒళ్ళంతా బూడిద రంగు బంకమట్టి. చూడ్డానికి మట్టి ముద్ద, అంతే. తన తమ్ముడు లిఫ్టులు బాగుచేసే మనిషి, మనుషులతో కంటే ఇనుముతో ఎక్కువ మాట్లాడతాడు, అక్క సామాను సర్దడానికి వచ్చి దీని ముందు చాలాసేపు నిలబడి, "అక్క కోళ్ళు కూడా పెంచుతోందా? నాకు చెప్పనే లేదే," అన్నాడు. ప్లగ్ మీద చెయ్యి కూడా వేశాడు. "తియ్యకు!" అని నేనరిచిన అరుపుకి అతనూ అదిరిపడ్డాడు, నేనూ అదిరిపడ్డాను. నా గొంతులో అంత అరుపు ఉందని నాకే తెలియదు. "పిల్లలు చచ్చిపోతాయా అక్కా?" అన్నాడు పాపం, చెయ్యి వెనక్కి లాక్కుని. అవునన్నాను. ఇంకేం చెప్పను.

కొలిమి అంటున్నాను గానీ తనకు పుస్తకాల అట్టల మీద వేసుకునే మంచి పేరే ఉంది. నేను ఆ పేరుతో పిలిచింది లేదు. నేను కాగితాన్ని, తను కొలిమి, ఇరవై రెండేళ్ళ వయసులో మా గురువుగారు పెట్టిన పేర్లివి. ఒక పాత పుస్తకం మా ఇద్దరి ముందూ పడేసి ఏం కనిపిస్తోందో చెప్పమన్నారాయన. నేను కాగితం ఏ కాలానిదో, సిరా ఎన్ని రకాలో, ఎంతమంది చేతులు రాశాయో గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పాను. తను పేజీ మీది మరకకు ముక్కు ఆనించి, "దీన్ని పొయ్యి పక్కన పెట్టుకుని చదివారండీ, మసి వాసనొస్తోంది," అంది. ఆయన పొట్ట పట్టుకుని నవ్వి, ఇదిగో కాగితం, ఇదిగో కొలిమి, ఒకళ్ళు లేకుండా ఇంకొకళ్ళు పనికిరారు, పొండి అన్నారు. మేం చదివింది పాశ్చాత్యుల గుప్తవిద్యలు. రసవాదం, లోహాలకూ గ్రహాలకూ చుట్టరికం కలిపిన శాస్త్రం, దేవదూతల పేర్లు చెక్కిన రేకులు, మూసిన తలుపుల వెనక ప్రమాణాలు చేయించుకునే సంఘాలు. చేసేవాళ్ళం కాదు, చేసినవాళ్ళు ఏం రాశారో చదివేవాళ్ళం, ఈ తేడా ఎంత చెప్పినా ఎవరికీ బుర్రకెక్కలేదు. కాలేజీలో మమ్మల్ని ముద్దుగా మంత్రగత్తెలనేవాళ్ళు. లెక్కల శాఖ పెద్దాయన ఒకసారి కారు తాళాలు పోగొట్టుకుని, సిగ్గుపడుతూనే మా గది తలుపు కొట్టాడు. తను కళ్ళు మూసుకుని, రెండు నిమిషాలు పెదాలు కదిపి, "మీ కోటు లోపలి జేబులో చూసుకోండి," అంది. ఉన్నాయి. ఆయన మొహం పాలిపోయింది, ఆ తరువాత మా వరండా వైపు రావడమే మానేశాడు. ఆయన వెళ్ళాక తను కుర్చీలోంచి జారిపోయేంతగా నవ్వింది. "కోటు ఒక పక్కకి వేలాడిపోతోందే, నీకు కనిపించలా?" నాకు కనిపించలేదు. నేను ఆయన మొహం చూస్తున్నాను, ఆయన ఎందుకొచ్చాడా అని ఆలోచిస్తున్నాను, నా బతుకంతా అదే, ఎదురుగా వేలాడుతున్నది వదిలేసి దాని అర్థమేమిటా అని ఆలోచిస్తాను.

పది దాటి పంతొమ్మిది. మందుల కొట్టు ఆవిడ రాసిన ఆ చిన్న పుస్తకం దొరికింది కూడా వంట పుస్తకాల పెట్టెలో. లైబ్రరీ నేలమాళిగలో, దగ్గు మందుల తయారీ, పళ్ళ రసాలు నిలవ చేసే పద్ధతుల మధ్య కుట్టేసి ఉంది. రాసినావిడకు పేరు లేదు, మా ఆయన మందుల కొట్టులో నేను కషాయాలు కాస్తాను అని ఒక్కచోట చెప్పుకుంది, అంతే. దగ్గు మందులయ్యాక ఉన్నట్టుండి పదకొండు పేజీలు వేరే సంగతి. బంగారం తీసుకో, పాదరసంతో కడుగు, గుడ్డు ఆకారం గాజులో పెట్టి మూతి కరిగించి మూసెయ్, నీ వెంట్రుకలు కలిపిన మట్టి మెత్తు, పొదిగే కోడి ఒంటి వేడిలో నలభై రోజులుంచు, ఈలోగా ఎవరి కన్నూ పడకూడదు, నలభయ్యో రోజు మూసిన గంటకే మట్టి తియ్యి, చెట్టు ఉంటుంది. అక్కడ రాసింది, నేను చూశాను అని. మళ్ళీ రాసింది, నేను చూశాను. మూడోసారి రాసి కింద గీత గీసింది, పాళీ కాగితంలోకి దిగిపోయింది. దాని మీద నేను మూడు వందల పేజీల పుస్తకం రాశాను. గాజు అంటే దేహం, మట్టి అంటే వైరాగ్యం, కోడి అంటే ఓర్పు, నలభై అంటే వాళ్ళ మతంలో ఉపవాసాల లెక్క, చెట్టు అంటే ఆత్మ. అన్నిటికీ ఆధారాలిచ్చాను, ఒక్కో పేజీ అడుగున చీమల బారు. అందులో ఒక వాక్యం అందరికీ నచ్చింది, పిల్లలు పరీక్షల్లో రాశారు, నేనూ మురిసిపోయాను. "ఈ చెట్టు ఏ గాజు బుడ్డిలోనూ మొలవలేదు, ప్రార్థనలో మొలిచింది." వచ్చే నెల కొత్త ముద్రణ, ఆ వాక్యం అలాగే ఉంది ప్రెస్సులో.

పుస్తకం వచ్చిన సాయంత్రమే తను ఫోన్ చేసింది. ఒక్క ఊపున చదివేసినట్టుంది, గొంతు బొంగురుపోయి ఉంది. "బావుందే. చాలా బావుంది. నా కంటే బాగా రాశావు," అంది, తరువాత అంది, "ఒకావిడ చూశానని మూడుసార్లు రాసింది, కాగితం. నువ్వు ఆవిడ కల కన్నదని మూడు వందల పేజీలు రాశావు. ఆవిడ ఇంటికెళ్ళి, అమ్మా, మీరు చాలా గొప్పవారు, కాకపోతే మీకు మతి స్థిమితం లేదు అని చెప్పినట్టుందే." నాకు ముక్కు మీద కోపం. "చెట్టు తెచ్చి చూపించు, అప్పుడు మాట్లాడదాం," అన్నాను. సరే అని పెట్టేసింది. ఐదు నెలలు మాటల్లేవు. వరండాలో ఎదురుపడితే ఇద్దరం తలలు వంచుకుని పోయేవాళ్ళం, ఒకే గదిలో, ఒకే కిటికీ వెలుతురులో ఎదురెదురుగా కూర్చుని పని చేసుకుంటూ, అరవయ్యేళ్ళ ఆడవాళ్ళం, చిన్నపిల్లల్లా. తరువాత ఒకరోజు టీ గ్లాసు తెచ్చి నా కాగితాల మీద పెట్టి నవ్వింది, చూద్దును కదా పై వరసలో బంగారు తొడుగు పన్ను లేదు, ఆ చోట నల్లగా సందు. "ఏమైందే పన్నుకి?" అంటే "విత్తనం వేశాను," అంది.

ఆరుసార్లు బుడ్డి పాడైంది. కాలేజీ రసాయనశాల వాళ్ళు పాదరసం అనగానే చేతులెత్తేశారు, అందుకని పాత బీపీ మిషన్లు పోగు చేసింది, తమ్ముడు పడేయబోయిన ఇనప్పెట్టెలో దాచింది. మొదటి బుడ్డి పగిలింది, రెండోది నల్ల బురద, మూడు, నాలుగు, ఐదు కూడా బురదే, ఆరోది ఏమీ కాలేదు, వేసింది వేసినట్టే ఉంది. ప్రతిసారీ ఆ బంగారాన్నే తిరిగి వేరు చేసి, కడిగి, మొదటికొచ్చింది. నేను అడగలేదు, తను చెప్పింది, నేను వినలేదన్నట్టు మొహం పెట్టుకుని అన్నీ విన్నాను. అప్పుడొకరోజు బస్సులో, నిలబడి, పైన కడ్డీ పట్టుకుని, ఉన్నట్టుండి తను అంది, "మగవాళ్ళు రాసిన పుస్తకాలు చదివి మంట ఎక్కువ పెట్టానే. వాళ్ళకు కొలిములున్నాయి కాబట్టి మంట పెంచుకుంటూ పోయారు. ఆవిడకు కొలిమి ఎక్కడిది? పెరట్లో కోడి ఉంది. కోడి అంటే కోడే." బస్సులో ఉన్నవాళ్ళందరూ మా వైపు తిరిగి చూశారు. ఆ వారమే ఈ పెట్టె కొంది. నాలుగంతస్తులూ తనే మోసుకొచ్చింది, ఆరోజు లిఫ్టు పనిచేయలేదు, లిఫ్టులు బాగుచేసేవాడి అక్క. "ఇంక నా పేరు మార్చుకోవాలి, కొలిమి కాదు, కోడి," అని ఆయాసపడుతూ నవ్వింది. ఆ ఆయాసం నేను పట్టించుకోలేదు. ఎదురుగా ఉన్నది నాకు కనిపించదని చెప్పాను కదా.

మట్టి కలిపిన రోజు నేనిక్కడే ఉన్నాను, ఆ గట్టు మీద, ఎగతాళి చేయడానికి వచ్చి. దువ్వెనలోంచి వెంట్రుకలు తీసి ముక్కలు కత్తిరించి మట్టిలో వేసి పిసుకుతోంది. ఏ మేక వెంట్రుకలో వేసుకోవచ్చు కదా అన్నాను. "ఆవిడ తనవి వేసింది," అంది తలెత్తకుండా. మూతి మూసి, మట్టి మెత్తి, గడియారం చూసి, గోడ మీది కాగితం మీద పెన్సిలుతో మొదటి గీత గీసింది. చివరిసారి నేను వచ్చింది ముప్ఫయ్యో రోజు. వెళ్తుంటే మెట్ల దాకా వచ్చింది, "నలభయ్యో రోజు పొద్దున్నే వచ్చెయ్. ఏమైనా తిని రా, లేకపోతే నువ్వు కళ్ళు తిరిగి పడతావు, నేను చెట్టును చూసుకోనా నిన్ను చూసుకోనా," అంది. నేను రెండంతస్తులు దిగి, పైకి చూసి, "కోడిపిల్ల పుడితే పేరు నేను పెడతానే!" అని అరిచాను. తను రెయిలింగు మీదికి వంగి నవ్వింది. అదే ఆఖరు. నేను తనతో అన్న ఆఖరి మాట ఒక వెక్కిరింత, ఇది ఎన్నిసార్లు తిరగేసుకున్నా వెక్కిరింతగానే ఉంది, తను నవ్విందని చెప్పుకుంటాను, నవ్వింది, నిజమే, కానీ అది వేరే సంగతి.

ముప్ఫై మూడో రోజు సాయంత్రం లైబ్రరీ మెట్ల మీద పుస్తకాలు ఒళ్ళో పెట్టుకుని కూర్చుని మళ్ళీ లేవలేదు. గుండె. లైబ్రరీలో పనిచేసే అమ్మాయి గేటు మూసేస్తున్నామని చెప్పడానికి వెళ్ళి భుజం తట్టిందట. నాకు ఏడుపు రాలేదు. కాలేజీ వాళ్ళు ఆ రాత్రే పేపర్లో వేయబోయే సంతాప ప్రకటన పంపితే అందులో రెండు తేదీలు తప్పున్నాయని దిద్ది పంపాను. మర్నాడు తన గదిలో ఉన్న లైబ్రరీ పుస్తకాలు గడువు దాటిపోతాయని, అదిగో, అందుకు వచ్చాను, తాళం తీసి వంటగదిలోకి వస్తే ఎర్ర బల్బు వెలుగుతోంది. తను లేదు, తన వేడి ఉంది. గోడ మీద ముప్ఫై మూడు గీతలు. నేను నా కోటు కూడా విప్పలేదు, దారానికి వేలాడుతున్న పెన్సిలు తీసుకుని ముప్ఫై నాలుగో గీత గీశాను. ఎందుకు గీశానంటే చెప్పలేను. అప్పటి నుంచి రోజూ పొద్దున్నే రావడం, పుస్తకాలు సర్దాలని తమ్ముడికి చెప్పడం, పెట్టె అడుగున తేమ కోసం పెట్టిన గిన్నెలో నీళ్ళు మార్చడం, థర్మామీటరు చూడడం, గీత గీయడం. ముప్ఫై ఆరో రోజు కరెంటు పోయింది. బల్బు ఆరగానే థర్మామీటరు ముల్లు దిగడం మొదలుపెట్టింది, తన మంచం మీది దుప్పటి లాక్కొచ్చి పెట్టెకు చుట్టాను, చాలదనిపించింది, అప్పుడు పెట్టెను కుదుపు తగలకుండా ఒళ్ళోకి తీసుకుని, రెండు చేతులూ చుట్టి, గడ్డం పైన ఆనించి, కోటు బొత్తాలు విప్పి అందులోకి పొదువుకుని కూర్చున్నాను, నలభై నిమిషాలు. ఈ గదిలో. ఒక్కదాన్నే. ఆధారం లేనిదే తుమ్మని మనిషిని. దుప్పట్లో తన తలనూనె వాసన. కరెంటు వచ్చాక కూడా కాసేపు దించలేదు.

పది దాటి నలభై ఒకటి. ఇప్పుడే తీసి చూసేస్తే? తలుపు తీసి, గోటితో కాస్త మట్టి గిల్లి. తను ఉంటే చంపేస్తుంది. లోపల ఏమీ లేకపోతే నేను చెప్పిందే నిజం, నా వాక్యం నిలబడుతుంది, ప్రెస్సు వాళ్ళు వేసేసుకుంటారు, తను ఒక పిచ్చి పట్టుదలతో బీపీ మిషన్లు ఏరుకున్న ముసలావిడగా మిగిలిపోతుంది. వద్దు. నాకు గెలవాలని లేదు. ఎవరితోనూ అనలేదు ఈ మాట, ఈ పసుపు పిల్లతో అంటున్నాను, నేను ఓడిపోవాలి. ఓడిపోయి, తను చెప్పిందే నిజమని తలవంచి ఒప్పుకోవాలి, తను ఏడాదికి పైగా నా ఎగతాళి భరించింది, ఒక్కసారి కూడా మాట తూలలేదు, నా పుస్తకం బావుందని ఊళ్ళో అందరికీ చెప్పింది. కానీ చెట్టు ఉంటే, తను ఏడు రోజుల దూరంలో పోయింది. ఏడు రోజులు. అది ఎలా ఓర్చుకోను? రెండింట్లో ఏది కోరుకోవాలో తెలియక ఇలా కూర్చున్నాను, మందుల కొట్టు ఆవిడ కూడా ఇలాగే కూర్చుని ఉంటుందనిపిస్తోంది, వంటింట్లో, మోకాళ్ళు నొప్పెడుతుంటే, లోపలి నుంచి ఎవరో పిలుస్తుంటే వస్తున్నానంటూ వెళ్ళకుండా. మూడు వందల ఏళ్ళు. ఆవిడ వేడి పెట్టింది, ఆవిడ రాసింది కొలిమి చదివి వేడి పెట్టింది, ఇప్పుడు నేను. ఇన్నాళ్ళూ నేను ఈ విద్య గురించి చదివాను, రాశాను, పాఠాలు చెప్పాను, దాని లోపల కూర్చోవడం ఇదే మొదటిసారి.

మెట్ల మీద అడుగులు, రెండు జతల బూట్లు. ఐదు నిమిషాల ముందే వచ్చాడు మహానుభావుడు. తమ్ముడి వెనకాలే లోపలికి వచ్చాడు, భారీ మనిషి, చేతులకు మోచేతి దాకా పచ్చ తొడుగులు, చంకలో డ్రమ్ము.

"ఇదేనా అమ్మా? లోపల పాదరసం ఎంతుంటుంది?"

"అది చెప్పడానికే ఐదు నిమిషాలు ఆగండి. పదకొండు కానివ్వండి."

"పదకొండైతే ఏమవుతుంది?"

"తెలియదు. చూడాలి."

ఆయన నన్ను చూశాడు, తమ్ముణ్ణి చూశాడు. నేల మీద కూర్చున్న ముసలిదాన్ని చూసి జాలిపడ్డాడో ఏమో, డ్రమ్ము దించి, కిటికీలు రెండూ బార్లా తెరిచి, సంచీలోంచి ఇంకో జత తొడుగులు తీసి నాకిచ్చాడు. "గోకకండి. తడిగుడ్డతో మెల్లగా నానబెట్టి తియ్యండి. పగిలిందంటే మాత్రం ముగ్గురం బయటికి పరిగెత్తాలి," అన్నాడు. పదకొండైంది. తలుపు తీశాను. ఇసుకలోంచి కదపకుండా, ముందు వైపు అరచెయ్యంత మేర గుడ్డ అద్దాను, మట్టి మెత్తబడింది, వేలితో తుడిస్తే పాయలుగా వచ్చింది, మట్టిలో వెంట్రుకలు, తెల్లవి, పొట్టివి, తొడుగు వేళ్ళకు అంటుకుంటున్నాయి, కడగాలనిపించలేదు. మట్టి మీద ఎక్కడా చిన్న గీటు కూడా లేదు. ఒక్కసారి కూడా తీసి చూసుకోలేదు తను. ఇంకో పొర. గాజు తగిలింది. గాజు మీద మసకగా తడి, గుడ్డ పొడి కొసతో తుడిచాను, తమ్ముడు వెనక నుంచి టార్చి వేశాడు.

చెట్టు ఉంది. నేను ఇంకోలా ఎలా చెప్పను, చెట్టు ఉంది. అడుగున పన్నంత ముద్ద, దాంట్లోంచి బూడిదా బంగారమూ కలిసిన రంగులో మొదలు, అది రెండుగా చీలి, ఒక్కోటీ మళ్ళీ రెండుగా, మళ్ళీ, కొమ్మలు రెమ్మలై, రెమ్మలు వెంట్రుక కంటే సన్నగా అయ్యి గాజు పైభాగం దాకా వెళ్ళాయి, ప్రతి కొసనా చుక్కంత మెరుపు, వందల కొసలు, ఎవరూ చెక్కలేదు, ఎవరూ అతికించలేదు, మూసిన గాజులో, చీకట్లో, కోడి ఒంటి వేడికి, తనంతట తను పెరిగింది. నేను నాలుగు రోజుల కిందట పొదువుకున్నప్పుడు కూడా పెరుగుతూనే ఉందేమో నా ఛాతీ పక్కన, నాకు తెలియలేదు. ఎంత అందంగా ఉందే, అన్నాను పైకే, ఎంత అందంగా ఉందే తల్లీ, నువ్వు చెప్పావు, ఆవిడ చెప్పింది, నేనే, నేనే. ఏడుపు అప్పుడు వచ్చింది, వారం రోజులది ఒక్కసారిగా, తడి తొడుగులతో మొహం తుడుచుకోకూడదని ఆ మనిషి నా చేతులు పట్టుకుని ఆపాడు. ఆయన ముక్కుకు కట్టుకున్న గుడ్డ ఎప్పుడు తీసేశాడో, నోరు తెరిచి చూస్తున్నాడు.

"ఇలాంటిది నేను చూడలేదమ్మా," అన్నాడు. "పద్దెనిమిదేళ్ళ సర్వీసు నాది."

తమ్ముడు నా పక్కన కూలబడ్డాడు. "అక్క చూసిందా దీన్ని?"

చూసిందని చెప్పాలనిపించింది. నాలుక చివరిదాకా వచ్చింది. "లేదు నాయనా. మట్టి ఎక్కడా తియ్యలేదు," అన్నాను. అతను టార్చి ఆర్పి, మళ్ళీ వేసి, మళ్ళీ ఆర్పి, చిన్నపిల్లాడిలా భుజాలు కుదుపుతూ ఏడ్చాడు. ఫోన్లో ఫోటోలు తీశాడు తరువాత, గాజు మెరుపు తప్ప ఏమీ పడలేదు. బుడ్డిని కదపకుండా పట్టుకెళ్ళే వీలుందా అని అడిగాను. ఆ మనిషి అడ్డంగా తలూపాడు. "మెట్లు దిగేలోపే రాలిపోతుంది. ఇక్కడ వదిలేస్తే నా ఉద్యోగం పోతుంది. గంట ఆగగలను, అంతకంటే నా వల్ల కాదు."

గంట. గంటలో ఏం చేస్తాను, బొమ్మ గీయనా, కొలతలు రాసుకోనా, ఎవరు నమ్ముతారు నన్ను, చూశానని రాస్తే నాలాంటిది ఇంకోతె ఎక్కడో కూర్చుని, పాపం, స్నేహితురాలు పోయిన బాధలో అలా అనిపించి ఉంటుందని రాస్తుంది, అన్నిటికీ ఆధారాలిచ్చి మరీ రాస్తుంది, రాయదూ? తన అంత్యక్రియలకు మేం ఆరుగురం, కారు నడిపిన మనిషితో కలిపి. లేచాను, మోకాళ్ళు కలుక్కుమన్నాయి. "తమ్ముడూ, ఈ బిల్డింగులో ఇప్పుడు ఎంతమంది ఉంటారు? అందర్నీ పిలువు. లిఫ్టు పనిచేస్తోందా?"

"నేను చూసుకుంటానక్కా," అని పరిగెత్తాడు.

ముందు కింద కొట్టు దర్జీ వచ్చాడు, మెడలో టేపుతోనే. ఆ వెనక రాత్రి డ్యూటీ దిగిన నర్సు, నిద్ర కళ్ళతో, మూడో అంతస్తు ముసలి దంపతులు ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని, మెట్లకు రంగులేస్తున్న ఇద్దరు, ఉత్తరాలు పంచే మనిషి. లోపలికి ఒక్కొక్కరినే పంపాను, చేతులు వెనక్కి కట్టుకోమన్నాను. వచ్చేటప్పుడు ఏదో ఒకటి మాట్లాడుతూ వచ్చారు, పెట్టె ముందు మోకాళ్ళ మీద కూర్చుని తల వంచి చూశారు. నర్సు, "ఊపిరి తీసుకుంటున్నట్టుంది," అంది గుసగుసగా. రంగుల మనిషి టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. "ఎవరు చేశారండీ?" అని దర్జీ అడిగితే, ఈ ఇంట్లో ఉండేవారే అన్నాను. "ఆ టీచరమ్మా? పోయారటగా. నేను రాలేకపోయాను, కొట్టు వదిలి," అని తల దించుకుని మళ్ళీ ఒకసారి చూడనివ్వమన్నాడు. చూసినవాళ్ళతో నోటు పుస్తకంలో సంతకం పెట్టించాను, పేరు, పని, గంట, నిమిషం. తొడుగుల మనిషి గుమ్మం పక్కన గోడకు ఫారం ఆనించుకుని, లోపల ఉన్నది అనే గడి దగ్గర ఆగి, "ఏం రాయమంటారు?" అన్నాడు. మీరేం చూశారో అది రాయండన్నాను. చెట్టు అని రాశాడు, సంతకం పెట్టాడు, నా నోటు పుస్తకం కూడా అడిగి తీసుకుని అందులోనూ పెట్టాడు. అప్పటికి గంట నిండింది. వరుస మెట్ల దాకా ఉంది, ఎదుటి బిల్డింగు వాళ్ళు కూడా ఎక్కి వస్తున్నారు. ఆయన వాచీ చూసుకుని, జేబులోంచి ఫోన్ తీసి, ఆఫీసువాళ్ళకు వ్యాను స్టార్ట్ కావడం లేదని చెప్పాడు.

"ఇంకా ఎవరైనా ఉన్నారా కింద?" అని తమ్ముడు లిఫ్టు దగ్గర నుంచి కేకేశాడు.

"ఉంటే పిలువు," అన్నాను. "రోడ్డు మీద పోయేవాళ్ళని కూడా పిలువు."